గంట తాడుకు కట్టిన ఖాకీ పీలిక

2024 జూన్ మొదటి వారంలో నేను మిర్యాలగూడ నుంచి బదిలీ అయి సూర్యాపేట బస్సు డిపోలో ట్రాఫిక్ విభాగం అసిస్టెంట్ మేనేజర్‌గా చేరాను. రిటైర్మెంటుకు అప్పటికి పదకొండు నెలలు మిగిలి ఉన్నాయి.

బయటివాళ్లకు డిపో అంటే బస్సులు ఆగే ఆవరణ. లోపల అది రెండు విభాగాలు. బండి సంగతి గ్యారేజీ చూసుకుంటుంది, దాని మీద వెళ్లే మనుషుల సంగతి ట్రాఫిక్ చూసుకుంటుంది. రెంటి పైనా డిపో మేనేజర్ ఉంటారు. రేపు ఏ బస్సు మీద ఏ డ్రైవరు, ఏ కండక్టరు వెళ్లాలో రాసే కాగితాన్ని డ్యూటీ చార్టు అంటాం. ఆ చార్టు నా పని. అది సరిగ్గా ఉన్న రోజు ఎవరూ దాని గురించి మాట్లాడరు. సరిగ్గా లేని రోజు నేను గేటు దాటక ముందే నలుగురు ఎదురొస్తారు. నేనూ కండక్టరుగా చేరినవాణ్ణే. కోదాడలో పన్నెండేళ్లు టికెట్లు కొట్టి, శాఖ పరీక్షలు రాసి, కంట్రోలర్‌గా, ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి ఆ కుర్చీలోకి వచ్చాను. మనుషులకు ఏ డ్యూటీ సరిపోతుందో నాకు తెలుసని అనుకునేవాణ్ణి.

సూర్యాపేటకు ఒక్కడినే వచ్చాను. నా భార్య అనసూయ అంతకు ముందు ఏడాది చనిపోయింది. ఆమెకు వచ్చింది రొమ్ము క్యాన్సర్. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను చెప్పబోయే వ్యవహారంలో నా మొదటి తప్పు అక్కడి నుంచే వచ్చింది.

చేరిన నాలుగో రోజు సైదమ్మ అనే కండక్టరు నా గదికి వచ్చింది. నలభై ఏడేళ్లు, ఇరవై రెండేళ్ల సర్వీసు. సొంతూరు నడిగూడెం. భర్త సోమయ్య సూర్యాపేట మార్కెట్ యార్డులో దడవాయి, అంటే ధాన్యం తూకం వేసే మనిషి. సైదమ్మ చాలా ఏళ్లుగా సూర్యాపేట నుంచి మునగాల, నడిగూడెం మీదుగా కోదాడ వెళ్లే ఆర్డినరీ బస్సు మీద పనిచేసింది. ఏడు నెలల కింద హైదరాబాదులో ఆపరేషన్ అయింది. కుడి రొమ్మును, చంకలోని గ్రంథులను తీసేశారు. తర్వాత కీమో, దాని తర్వాత రేడియేషన్. అన్నీ ముగిసి డ్యూటీకి వచ్చింది. తల మీద జుట్టు వేలెడు పొడవు కూడా లేదు. దాన్ని కొంగుతో కప్పుకోలేదు.

ఎక్కువ కాలం జబ్బు సెలవులో ఉన్నవాళ్లు తిరిగి చేరేటప్పుడు సంస్థ డాక్టరు కాగితం తేవాలి. అందులో మూడింట్లో ఒకటి రాసి ఉంటుంది. పూర్తిగా పనికొస్తారని, అసలు పనికిరారని, లేదా కొంతకాలం తేలిక పని ఇచ్చి మళ్లీ పరీక్షకు పంపమని. సైదమ్మ కాగితంలో మూడోది ఉంది. మూడు నెలలు తేలిక పని, తర్వాత పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గకపోతే ఉద్యోగం పోదు గానీ కండక్టరు హోదా పోతుంది. డిపోలోనే అటెండరుగానో, గ్యారేజీలో సహాయకురాలిగానో వేస్తారు. ఇరవై రెండేళ్లు బస్సు నడిపించిన మనిషి ఫైళ్లు అందించాలి.

కూర్చోమన్నాను. "నిలవడుడు అలవాటు సార్" అన్నది.

కాగితం చదివి ఆమెను బస్టాండులో విచారణ కౌంటరుకు వేశాను. అద్దాల గది, కుర్చీ, ఫ్యాను, మైకు. బరువు లేదు, తోపులాట లేదు. ఆమె దవాఖానలో ఉన్నప్పుడే ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆమె దిగిపోయిన బస్సు వేరు, ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్న బస్సు వేరు. ఆ రద్దీలోకి ఈ మనిషిని పంపకూడదని నాకు అనిపించింది. ఆర్డరు మీద సంతకం పెట్టి, ఆ రోజుకు ఒక మంచి పని చేశాననుకున్నాను.

ఆమె కాగితం అందుకొని, "ఎన్ని దినాలు సార్?" అని అడిగింది.

మూడు నెలలన్నాను.

"మూడు నెలల తర్వాత గంట గొట్టమంటరు గద?"

అప్పుడు చూద్దామన్నాను. సరే అని వెళ్లిపోయింది. ఆమె అడిగిందేమిటో నాకు రెండు నెలల దాకా అర్థం కాలేదు.

ఆ గంట గురించి చెప్పాలి. ఆర్డినరీ బస్సులో పైకప్పు కింద, ముందు నుంచి వెనక దాకా ఒక తాడు ఉంటుంది. దాని కొస డ్రైవరు దగ్గరి గంటకు కట్టి ఉంటుంది. ఒకసారి లాగితే ఆపు, రెండుసార్లు లాగితే పోనియ్యి. నిండిన బస్సులో వెనక మెట్టు మీద ఎవరున్నారో, ఎవరు దిగారో డ్రైవరుకు పూర్తిగా కనిపించదు. గంట విని బండి నడుపుతాడు. ఈ మధ్య కొందరు విజిల్ వాడుతున్నారు గానీ మా వైపు పల్లె బస్సుల్లో తాడే ఎక్కువ. ప్రతి స్టేజీ దగ్గరా కండక్టరు చెయ్యి తల పైకి లేవాలి. ఆపడానికి ఒకసారి, కదలడానికి ఒకసారి. రోజంతా అంతే.

ఇలాంటి ఆపరేషన్ తర్వాత భుజం బిగుస్తుంది. మెల్లగా సాధన చేయకపోతే చెయ్యి భుజం ఎత్తు దాటదు. మరో పక్క ఆ చేతికి వాపు వచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకని దానితో బరువులు మోయకూడదు, ఆ చేతికి సూది వేయించుకోకూడదు, బీపీ పట్టీ కట్టించుకోకూడదు. మితిమీరి వాడితే ఒక నష్టం, అసలు వాడకపోతే మరో నష్టం. నాకు మొదటి నష్టం ఒక్కటే తెలుసు.

జూలైలో రోజు విడిచి రోజు బస్టాండు రౌండుకు వెళ్లేవాణ్ణి. సైదమ్మ ఎడమ చేత్తో మైకు పట్టుకొని బస్సుల పేర్లు చెబుతూ కనిపించేది. కుడి చెయ్యి ఒళ్లో ఉండేది. పక్క కౌంటరు అమ్మాయి రిజిస్టరు తెరిచి ఇచ్చేది. ఊడ్చే ఆమె వచ్చి కిటికీ తీసేది. టీ గ్లాసు ఎవరో ఒకరు చేతికి అందించేవాళ్లు. డిపో మొత్తం ఆమెను కాపాడుతున్నట్టు ఉండేది. అది చూసి నాకు మా డిపో గురించి గర్వంగా కూడా అనిపించింది.

ఒకరోజు నడిగూడెం నుంచి వచ్చిన ముసలామె కౌంటరు అద్దం మీద తట్టి, "గీ అద్దాల డబ్బల గూసున్నవేందే? మా బస్సు మీదికి ఎప్పుడొస్తవ్?" అన్నది.

"సారు పంపితె వస్త అవ్వా" అన్నది సైదమ్మ.

ముసలామె నా వైపు చూసి, "గీ సారేనా? మంచిగనే ఉన్నడు గద, పంపడా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆగస్టు మొదటి వారంలో సైదమ్మ నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"సారూ, ఒకటి సూపిస్త. కోపం జేయొద్దు."

రెండు చేతులూ పైకెత్తింది. ఎడమ చెయ్యి చెవిని ఆనుకొని నిటారుగా లేచింది. కుడి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. ముఖంలో నొప్పి కనిపించింది గానీ చెయ్యి దించలేదు.

"జూన్ల ఇంతకన్న పైకి లేసేది సార్."

ఇంకా కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నాను.

"ఆ రెస్టు తోనే గిట్లయింది" అన్నది. "ఇంట్ల బిందె ముట్టనియ్యరు. మా ఆయన అన్నం వండుతడు, బట్టలు ఆరేస్తడు. తల గూడ తనే దువ్వుత అంటడు, ఉన్నయే నాలుగెంట్రుకలు. ఈడికొస్తె మీరు కుర్సి ఇచ్చిండ్రు. అందరు మంచోళ్లే సార్. గీ మంచితనం తోని నా చెయ్యి పోయేటట్టున్నది. ఇంక నెల రోజులే ఉన్నది. చెయ్యి లేవకుంటె నన్ను బస్సు దించుతరు."

నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. అనసూయ వేములపల్లిలో వరి పండించే ఇంట్లో పుట్టింది. ఆపరేషన్ తర్వాత మిర్యాలగూడ ఇంట్లో ఆమె నన్ను అడిగింది ఒక్కటే, చాట ఇమ్మని. బియ్యం చెరుగుతానన్నది. నేను ఇవ్వలేదు. పనిమనిషిని పెట్టాను, మిల్లు నుంచి శుభ్రం చేసిన బియ్యం తెప్పించాను, చాటను అటక మీద పెట్టాను. "నన్ను కూసోవెట్టి పూజ జేస్తున్నరు" అని ఒకసారి అన్నది. మెచ్చుకోలు అనుకున్నాను. ఆమె చెయ్యి బిగుసుకుపోయింది. ఆమె చావుకు అది కారణం కాదు, జబ్బు తిరగబెట్టింది. కానీ మధ్యలో ఉన్న రెండేళ్లు ఆమె తన ఇంట్లో తాను చుట్టంలాగా ఉండిపోయింది. దానికి కారణం నేను. సైదమ్మకు ఇదేమీ చెప్పలేదు. ఏం కావాలో చెప్పమన్నాను.

ఆమెకు ఆగి ఉన్న బస్సు కావాలి. డ్యూటీ దిగాక రోజుకు అరగంట. జిల్లా దవాఖానలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి గోడ మీద వేళ్లు పాకించమని చెప్పిందట.

"పాకిస్తున్న సార్. కని గోడ ఏడికి వోతది? ఆడ్నే ఉంటది. నాకు తాడు గావాలె."

అడగడం తేలికే, ఇవ్వడం నా చేతిలో లేదు. ఆగి ఉన్న బస్సు గ్యారేజీది. ట్రాఫిక్ మనుషులు పని లేకుండా గ్యారేజీ లోపలికి వెళ్లకూడదు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాను. వెనక ప్రహరీ పక్కన సర్వీసు నుంచి తీసేసిన బస్సు ఒకటి పడి ఉంది. వేలానికి పోవాల్సినది. "ఇంజన్ పీకేసినం, సీట్లు సగం లెవ్వు, సుట్టు గడ్డి. దానితోని ఏం జేస్తరు?" అన్నాడు ఫోర్‌మన్. గంట తాడు ఉందా అని అడిగాను. "దానికి మంచిగున్నది అదొక్కటే" అన్నాడు. మర్నాడు గడ్డి కోయించి, చక్రాలకు దిమ్మెలు పెట్టించాడు. డిపో మేనేజరుకు నేను ఒక నోట్ పెట్టి అనుమతి తీసుకున్నాను. రెండో నోట్ సైదమ్మతో దవాఖాన నుంచి తెప్పించాను. ఏ కదలిక, ఎన్నిసార్లు, ఏం కనిపిస్తే ఆపాలో ఫిజియో అమ్మాయి రాసి ఇచ్చింది. వాపు గానీ, కొత్త నొప్పి గానీ వస్తే ఆ రోజుకు ఆపి దవాఖానకు రావాలి. ఆ కాగితం బస్సు అద్దానికి అంటించాం.

తాడు ఆమె అందుకోలేనంత ఎత్తులో ఉంది. దానికి ఉపాయం ఆమే తెచ్చింది. పాత ఖాకీ కోటు చేతిని పొడుగ్గా కత్తిరించి తాడుకు ముడివేసింది. పీలిక కొస ఆమె భుజం దాకా వేలాడింది. దాన్ని పట్టుకు లాగితే గంట మోగుతుంది. అది సులువైనప్పుడు, ఫిజియో అమ్మాయి సరేనంటే, కింది నుంచి నాలుగు వేళ్ల మేర కత్తిరించాలి. చెయ్యి అంత మేర పైకి పోవాలి. ముడి ఆమే వేసింది, కత్తెర ఆమే పట్టింది.

మొదటి రోజు ఆరుసార్లు లాగింది. ఏడోసారి చెయ్యి వణికింది. ఆపేసి మెట్టు మీద కూర్చుంది. కాగితంలో పది అని ఉంది.

మూడో రోజు నుంచి ఏసుపాదం రావడం మొదలుపెట్టాడు. కోదాడ మనిషి, ఎనిమిదేళ్లు ఆమెతో ఒకే బస్సు మీద పనిచేసిన డ్రైవరు. డ్యూటీ దిగి నేరుగా వచ్చి ఆ పాడుబడ్డ బస్సు స్టీరింగు ముందు కూర్చునేవాడు.

"సైదక్కా, రెండు కొట్టు, పోనిస్తాను."

"ఇంజనే లేదు, ఏం పోనిస్తవ్?"

"ఇంజనున్నప్పుడు మాత్రం నీ బండి ఏనాడు టైముకి వెళ్లిందే? ఊరూరా ముచ్చట్లాయె."

"ముచ్చట్లు నేను వెట్టిన్నా? మునగాల కాడ మిర్చి బజ్జీలకు బండి ఆపింది ఎవ్వలు?"

ఈ తగవు మధ్యలో పది గంటలు మోగేవి. గ్యారేజీలో మెకానిక్కులు మొదట పని ఆపి తొంగి చూశారు. తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు తొమ్మిది దగ్గర ఆగితే, బండి కింద పనిచేయడానికి తవ్విన గుంతలో నుంచి ఎవరో, "ఇంకొకటి బాకీ ఉన్నది అక్కా" అని అరిచారు.

గంట ఒక్కటే సమస్య కాదు. కండక్టరు ఒంటి మీద టికెట్ మెషిన్, తోలు సంచి ఉంటాయి. సంచి పట్టీ కుడి భుజం మీది నుంచి ఏటవాలుగా ఛాతీ మీదుగా దిగుతుంది. ఇరవై రెండేళ్ల అలవాటు. ఇప్పుడు ఆ దారిలో కుట్టు గీత ఉంది. పట్టీ ఒరుసుకుంటే తట్టుకోలేదు, ఆ భుజం మీద బరువూ పనికిరాదు. ఆమె సంచిని నడుముకు ఎడమ పక్కన బెల్టుతో కట్టుకుంది. మెషిన్ ఎడమ చేతిలోకి మార్చుకుంది. బొటనవేలితో నొక్కడం రావడానికి వారం పట్టింది. మొదట్లో కోదాడకు బదులు నడిగూడేనికి, నడిగూడేనికి బదులు మునగాలకు టికెట్ వచ్చేది. "పెళ్లైన కొత్తల సోమయ్య పేరు గూడ గిట్లనే మర్సిపోతుంటి" అన్నది.

ఆగస్టు చివరికి ఖాకీ పీలిక జానెడు మిగిలింది. అప్పుడు ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. తాడు అందినంత మాత్రాన సరిపోదు, జనంలో అందాలి. ఆమె పిలిస్తే, ఒక మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ పదిహేను మంది ఆడ కండక్టర్లు సంచులతో సహా ఆ బస్సు ఎక్కారు. నన్నూ ఎక్కమన్నారు. సగం సీట్లు లేవు కాబట్టి అందరం నిలబడ్డాం. ఏసుపాదం స్టీరింగు దగ్గర కూర్చున్నాడు.

కండక్టర్లకు ప్రయాణికుల మాటలు కంఠస్థం. రోజూ ఆ మాటలు పడేవాళ్లు ఆ రోజు అనే వంతు దొరకబుచ్చుకున్నారు.

"ఆధార్ కార్డు ఇంట్ల మర్సిపోయిన, నా మొకం సూసి టికెట్ ఇయ్యి."

"నీ మొకం సూసి టికెటిస్తె నా ఉద్యోగం వోతది, దిగు."

"ఏ డ్రైవరూ, గీడ ఆపు, మా ఇల్లు గీడనే."

"మీ ఇంటి ముందు ఆపడానికి ఇదేమన్నా ఆటోనా అమ్మా?" ఇది ఏసుపాదం.

సైదమ్మ టికెట్లు కొడుతూ వెనక నుంచి ముందుకు వస్తోంది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఆమె కుడి పక్కన ఎవరూ లేరు. అందరూ ఎటువాళ్లు అటు ఒదిగి, ఆమెకు తగలకుండా దారి వదిలారు. మాటలు ప్రయాణికులవే గానీ ఒళ్లు మాత్రం కౌంటరు దగ్గరిలాగే కాపలా కాస్తున్నాయి.

"గిదేంది? నేనేమన్న గాజు బొమ్మనా?" అన్నది. గొంతులో వేళాకోళం లేదు. "నడిగూడెం బస్సుల ఎవ్వలన్న గిట్ల తొవ్వ ఇస్తరా? ఇయ్యాల మీరు జరిగితె రేపు జనం జరుగుతరా? నూకుండ్రి."

ఎవరూ కదల్లేదు. ఆమె నా వైపు చూసింది.

"సారూ, మీరన్న నూకుండ్రి."

నేను పన్నెండేళ్లు కండక్టరుగా పనిచేశాను. జనం ఎలా తోస్తారో తెలుసు. ఎడమ పక్క నుంచి భుజంతో తోశాను. ఆమె కాస్త తూలి నిలబడింది. "గట్ల" అన్నది. ఆ తర్వాత మిగతావాళ్లూ మీద పడ్డారు. రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి ఆమె ఒక పద్ధతి పట్టుకుంది. ఎడమ భుజం ముందు పెట్టి పక్కవాటుగా నడవడం, కుడి చెయ్యి ఎత్తి పై కడ్డీ పట్టుకోవడం. చెయ్యి పైన ఉంటే ఎవరి మోచెయ్యీ ఆ పక్క తగలదు, తాడూ దగ్గరే ఉంటుంది. చెయ్యి ఎత్తి ఉంచితే వాపుకు కూడా మంచిదని ఆ తర్వాత ఫిజియో అమ్మాయి చెప్పింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎన్నో శిక్షణ తరగతులు చూశాను. ఇంజన్ లేని ఆ బస్సులో ఆ గంట సేపు జరిగినదాని గురించి నాకు ఉన్నంత గర్వం వేరే దేని మీదా లేదు. అందులో నేను చేసింది ఒక్క తోపు.

సెప్టెంబరులో పరీక్షకు పంపే ముందు డిపో నుంచి నివేదిక వెళ్లాలి. రద్దీ సంగతి ఒకటికి రెండుసార్లు ఆలోచించమని డిపో మేనేజర్ అన్నారు. ఆలోచించాను, చూడకుండా రాయనన్నాను. మీ మాట మీద వదిలేస్తున్నానన్నారు. తేలిక పనిలో ఉన్న మనిషికి బస్సు అప్పగించే నియమం లేదు. అందుకని ఆ ఒక్క ట్రిప్పుకు చార్టులో కండక్టరు గడిలో నా పేరు రాసుకున్నాను. మెషిన్ నా పేరు మీద తీసుకొని ఆమె చేతికి ఇచ్చాను. పొరపాటు జరిగితే నాది.

పొద్దున ఎనిమిదింటికి సూర్యాపేటలో బయలుదేరాం. ఏసుపాదమే డ్రైవరు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. మునగాల వచ్చేసరికి బస్సులో కాలు పెట్టే చోటు లేదు. కలుపుతీతకు పోయే ఆడవాళ్లు, టిఫిన్ డబ్బాలు, కాలేజీ పిల్లలు. కౌంటరు అద్దం తట్టిన ముసలామె తన ఊరికి పోతూ అక్కడ ఎక్కింది. "వచ్చినవా బిడ్డా!" అంటూ సైదమ్మ కుడి చెయ్యి పట్టుకోబోయింది. "ఆ చెయ్యి వద్దవ్వా, గీ చెయ్యి వట్టు" అని ఎడమ చెయ్యి ఇచ్చి లోపలికి లాగింది. నేను జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాను. ఎవరికి ఏ చెయ్యి ఇవ్వాలో ఆమెకు తెలుసు.

నడిగూడెంలో ఒకామె దిగింది. సైదమ్మ రెండు గంటలు కొట్టింది. బస్సు కదిలింది. సైదమ్మ తల వంచుకొని ఒక కాలేజీ అమ్మాయికి ఎడమ చేత్తో టికెట్ కొడుతోంది. అప్పుడు కింద నుంచి కేక వినపడింది. "నా యూరియా బస్తా!"

సైదమ్మ తల ఎత్తలేదు. మెషిన్ మీది నుంచి చూపు తిప్పలేదు. కుడి చెయ్యి మాత్రం కడ్డీ వదిలి, పైకి పోయి, తాడు పట్టి ఒకసారి లాగింది. బస్సు ఆగింది. అప్పుడు తల తిప్పి, మెట్టు దగ్గర నిలబడ్డ అబ్బాయితో, "తమ్మీ, ఆ బస్తా జర దించు" అన్నది. బస్తా మీద తాను చెయ్యి వేయలేదు. అతను దించాక రెండు గంటలు కొట్టింది.

ఇది ఏ బస్సులోనైనా రోజూ జరిగేదే. ప్రయాణికులెవరూ పట్టించుకోలేదు. సైదమ్మ కూడా పట్టించుకోలేదు, నేను చూడాలనుకున్నది సరిగ్గా అదే. పాడుబడ్డ బస్సులో ఆ చెయ్యి లేచిన ప్రతిసారీ ఆమె దాన్ని లేపింది. ఇక్కడ అది తనంతట లేచింది. అద్దంలో ఏసుపాదం నన్ను చూసి తల ఆడించాడు.

నివేదికలో మూడు వాక్యాలు రాశాను. "నిండిన బస్సులో కుడి చేత్తో గంట తాడు లాగగలరు. బరువులు ఎత్తరు, ఎత్తవలసిన అవసరం కూడా ఈ ఉద్యోగంలో లేదు. నేను స్వయంగా చూశాను." పరీక్షలో డాక్టరు చెయ్యి ఎత్తమన్నారట. ఎన్నిసార్లు సార్ అని అడిగిందట. లైన్ డ్యూటీకి, అంటే బస్సు మీద పనికి, పనికొస్తారని రాసి, ఆరు నెలలకోసారి చూపించుకొమ్మన్నారు. ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టిన రోజు ఆమె కూర్చోమనకముందే కూర్చుంది.

చార్టు తీసి పెన్ను పట్టుకున్నాను. పాత బస్సు, పాత మొదటి షిఫ్టు రాయబోయాను. ఆమెకు కావలసింది అదేనని నాకు సందేహం లేదు. అయినా ఆగి, ఏం రాయమంటారని అడిగాను.

"బస్సు అదే సార్. రెండో షిఫ్టు వెయ్యుండ్రి. పొద్దుగాల లేస్తె ఒళ్లు ఇంక బరువుంటది, రేడియేషన్ తోని. మంగళారం నాడు దవాఖానకు వోవాలె, ఆ దినం నన్ను వదిలిపెట్టుండ్రి. ఇంకొకటి సార్, కౌంటరు కాడ అమ్మాయికి జెప్పుండ్రి, నాకు టీ తేవొద్దని. నేనే వొయ్యి తాగుత."

ఆమె చెప్పినట్టే రాశాను. రెండో షిఫ్టు సంగతి నేను ఊహించలేకపోయేవాణ్ణి. మొదటి షిఫ్టు వేసి ఉంటే రెండు వారాల్లో అలసిపోయి మళ్లీ కౌంటరుకు వచ్చేదేమో. అప్పుడు నేను, చూశారా, ముందే అనుకున్నానని అని ఉండేవాణ్ణి.

2025 ఏప్రిల్ చివరన రిటైరయ్యాను. అప్పటికి ఆమె ఆ బస్సు మీదే ఉంది. ఈ మధ్య కోదాడలో పని పడి అదే బస్సు ఎక్కాను. జుట్టు చెవులు దాటింది. నాకు టికెట్ కొట్టి, వెనక ఖాళీ ఉంది, అక్కడ కూర్చోమన్నది.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో చాలా ఏళ్లు నేను మనుషులకు పని పంచాను. జబ్బు నుంచి లేచిన మనిషికి పని ఇచ్చేటప్పుడు రెండు విషయాలు కనుక్కోవాలి. ఏ పని వద్దో డాక్టరు చెబుతాడు. ఏ పని కావాలో ఆ మనిషి చెబుతుంది. నేను ఇంట్లో మొదటిది విని రెండోదాన్ని అటక మీద పెట్టాను. డిపోలో కూడా రెండు నెలలు అదే చేశాను. సైదమ్మ తలుపు వేసి చెయ్యి ఎత్తి చూపించింది కాబట్టి అక్కడ సరిదిద్దుకునే వీలు కలిగింది.